పదార్థం మీ చేతిలోనే పుడుతుంది

చెక్కతో గ్లైడర్ కట్టేవారికి సగం పని చెట్టే చేసి పెడుతుంది. స్ప్రూస్ మాను ఏళ్ల తరబడి గాలికి ఊగుతూ, తన బరువు తానే మోసుకుంటూ, నారను బారుగా పైకి పేర్చుకుంటుంది. ఆ మానులోంచి ముడిలేని, వంకరలేని పలకను ఏరుకోవడం, కోయడం, అతికించడం కట్టేవారి వంతు. పలక మంచిదో కాదో కోయకముందే చూసి చెప్పొచ్చు. నచ్చకపోతే పక్కన పెట్టి ఇంకోటి తీసుకోవచ్చు.

కాంపోజిట్‌తో కట్టేవారికి ఆ వెసులుబాటు లేదు. దుకాణంలో దొరికేవి ఒక చుట్ట గాజు బట్ట, ఒక డబ్బా రెజిన్, ఒక డబ్బా హార్డెనర్. వీటిలో ఏ ఒక్కటీ రెక్కను మోయలేదు. బట్ట చేతిలోంచి జారిపోతుంది, రెజిన్ బల్ల మీద పారిపోతుంది. ఈ మూడూ మీ షెడ్డులో, మీ చేతుల కింద, ఆ పూట ఉన్న వేడిలోనూ తేమలోనూ కలిసి గట్టిపడ్డాకే పదార్థమనేది పుడుతుంది. అది బాగా కుదిరిందో లేదో పైకి కనిపించదు. మీరు చేసిన క్రమమే దానికి హామీ.

కాబట్టి ఈ మార్పుకు సిద్ధమయ్యేవారు ముందుగా ఒక విషయం మనసుకు పట్టించుకోవాలి. ఇప్పటిదాకా పదార్థాన్ని ఎంచుకున్నారు, ఇక మీదట పదార్థాన్ని తయారుచేస్తారు. ఆ పనికి కావాల్సిన అలవాట్లు వేరు. ఈ అధ్యాయం ఆ అలవాట్ల గురించే. గ్లైడర్ కట్టే ఆలోచన లేనివారికీ ఇవి పనికొస్తాయని నా నమ్మకం. మన పనుల్లో చాలావాటి నాణ్యత పూర్తయ్యాక పైకి కనబడదు.

చెక్కను చిన్నచూపు చూడకండి

కొత్త పదార్థం మీద మోజుతో చాలామంది ఒక అపోహతో మొదలుపెడతారు. ఫైబర్ అంటే తేలిక, చెక్క అంటే బరువు అనుకుంటారు. లెక్క చూద్దాం. స్ప్రూస్ చెక్క నార వెంబడి చూపే బిగువు సుమారు 10 గిగాపాస్కల్స్, సాంద్రత (నీటితో పోల్చితే) 0.4. నారంతా ఒకే దిశలో పరిచిన గాజు కాంపోజిట్ బిగువు సుమారు 40 గిగాపాస్కల్స్, సాంద్రత దాదాపు 2. బిగువును సాంద్రతతో భాగించండి. చెక్కకు 25, గాజుకు 20 వస్తాయి. అంటే కిలోకు కిలో పోల్చితే, సాగకుండా వంగకుండా నిలబడే గుణంలో స్ప్రూస్ గాజు కాంపోజిట్ కంటే ఏమాత్రం తక్కువ తినలేదు. కార్బన్ నార దగ్గరికి వచ్చాకే లెక్క మారుతుంది. ఒకే దిశ కార్బన్ కాంపోజిట్ బిగువు 120 గిగాపాస్కల్స్ పైచిలుకు, సాంద్రత 1.6 లోపు. భాగిస్తే 75 దాటుతుంది.

మరి గాజు నార గ్లైడర్లు ప్రపంచాన్ని ఎలా గెలిచాయి? ఆకారంతో గెలిచాయి.

జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో రిచర్డ్ ఎప్లర్, హెర్మాన్ నేగెలె 1950ల తొలినాళ్లలో ఒక గ్లైడర్ రూపకల్పన మొదలుపెట్టారు. గాలి పొర చెదరకుండా రెక్క మీద వీలైనంత దూరం నున్నగా జారిపోయే లామినార్ ఆకృతులను లెక్కగట్టడంలో ఎప్లర్ దిట్ట. కాగితం మీది ఆకృతి రెక్క మీద అచ్చంగా దిగితేనే ఆ లెక్క ఫలిస్తుంది. చెక్క రెక్కలో ఇది కష్టం. ప్లైవుడ్ తొడుగు తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, లోపలి రిబ్బుల గుర్తులు కొన్నాళ్లకు పైకి తేలుతాయి. కంటికి ఆనని ఆ అలలే గాలి పొరను చెదరగొడతాయి. అందుకే వాళ్లు రెండు గాజు నార పొరల మధ్య బాల్సా చెక్కను ఇరికించిన శాండ్‌విచ్ పద్ధతిని ఎంచుకున్నారు. అలా పుట్టిన ఎఫ్‌ఎస్-24 ఫీనిక్స్ 1957 నవంబర్ 27న ఎగిరింది. ప్రపంచంలో తొలి గాజు నార గ్లైడర్ అదే.

ఆ మార్పు ఏం తెచ్చిందో చూడటానికి రుడాల్ఫ్ కైజర్ అనే ఒకే రూపకర్త చేసిన రెండు శిక్షణ గ్లైడర్లను పక్కపక్కన పెడితే చాలు. రెండూ ష్లైషర్ కంపెనీవే, రెండూ రెండు సీట్లవే. 1966 నాటి ఏఎస్‌కె-13 రెక్కలు చెక్కవి, శరీరం ఉక్కు గొట్టాలది. ఒక కిలోమీటరు ఎత్తు నుంచి అది నిశ్చలమైన గాలిలో సుమారు 28 కిలోమీటర్లు జారుతుంది. 1979లో ఎగిరిన ఏఎస్‌కె-21 పూర్తిగా గాజు నారది. అదే ఎత్తు నుంచి సుమారు 34 కిలోమీటర్లు జారుతుంది. రెక్క ఒక మీటరు పొడవు పెరిగిన మాట నిజమే. అయినా ఆ తేడాలో పెద్ద వాటా కొత్త ఆకృతిదీ నున్నదనానిదీ.

మీరు ఏ లాభం కోసం మారుతున్నారో ఇక్కడే తేల్చుకోండి. నున్నటి ఆకృతి, తేమకు కదలని తొడుగు, వంపులు తిరిగిన శరీరాన్ని సులువుగా మలచగలిగే వీలు కావాలంటే కాంపోజిట్ మీకు తగినదే. త్వరగా, తేలిగ్గా, చవగ్గా అయిపోతుందన్న ఆశ మాత్రమే ఉంటే చెక్కతోనే ఉండండి. చెక్కతో చక్కగా కట్టిన గ్లైడర్ గర్వించదగ్గ వస్తువు.

నకలు చేయవద్దు

చెక్క గ్లైడర్ ప్లాన్లు చేతిలో పెట్టుకుని, ప్లైవుడ్ ఉన్నచోట గాజు బట్ట, స్ప్రూస్ ఉన్నచోట కార్బన్ వేసుకుంటూ పోదామన్న ఆలోచన దాదాపు అందరికీ వస్తుంది. దాన్ని అక్కడే ఆపండి. రెక్కలో బరువు మోసేది స్పార్. గాలి రెక్కను పైకి ఎత్తినప్పుడు స్పార్ పైఅంచు నలుగుతుంది, కిందిఅంచు సాగుతుంది. రెండు అంచులనూ కలిపే మధ్య గోడ కోతబలాన్ని మోస్తుంది. రెక్క మెలి తిరగకుండా ఆపేది తొడుగు. చెక్కలో ఈ పనులన్నీ ఒక లెక్కతో పంచి ఉంటాయి. పదార్థం మారగానే ఆ పంపకం మారుతుంది. రెక్క వంగే తీరు, మెలి తిరిగే తీరు, బరువు పరుచుకున్న తీరు మారితే, ఏ వేగం దగ్గర రెక్క తనంతట తాను కంపించి విరిగిపోతుందో ఆ హద్దు కూడా మారుతుంది. దాన్ని ఫ్లట్టర్ అంటారు. అక్కడ ఊహ పనికిరాదు.

కాంపోజిట్ కోసమే గీసిన, ఇప్పటికే ఎగిరిన డిజైన్‌ను తీసుకోండి. సొంతంగా మార్చాలని మనసు లాగితే, ఆ మార్పును లెక్కగట్టి సంతకం పెట్టగల ఇంజనీరును ముందు వెతుక్కోండి.

ఏ పదార్థాన్నీ మతంలా పట్టుకోవద్దని కూడా చరిత్ర చెబుతుంది. అమెరికాలో జిమ్ మాపిన్, ఇర్వ్ కల్వర్ 1980ల్లో రూపొందించిన కార్బన్ డ్రాగన్ ప్రధానంగా చెక్క గ్లైడరే. స్పార్ అంచుల్లాంటి ముఖ్యమైన చోట్లలోనే కార్బన్ వాడారు. 13 మీటర్లకు పైగా రెక్కల పొడవున్నా ఖాళీ బరువు సుమారు 66 కిలోలే. ఎక్కడ ఏది కావాలో అక్కడ అదే వాడటం వల్ల అది సాధ్యమైంది.

మూడు దారులు

ఇంట్లో కట్టేవారి ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి.

ఒకటి, అచ్చు దారి. ముందు అసలు ఆకారాన్ని చెక్కతోనో ఫోమ్‌తోనో నమూనాగా చేసి, దానిమీద నుంచి అచ్చు తీసి, ఆ అచ్చులో పొరలు పరుస్తారు. ఫ్యాక్టరీ కాంపోజిట్ గ్లైడర్లు ఇలాగే వస్తాయి. రెక్క అచ్చులోంచి నున్నగా బయటికి వస్తుంది. కానీ ఒక్క గ్లైడర్ కోసం నమూనా, అచ్చు, అసలు భాగం అన్నీ చేయాలంటే అదే పని మూడుసార్లు చేసినట్టు. నలుగురైదుగురు కలిసి ఒకే గ్లైడర్‌ను తలా ఒకటి కట్టుకుంటే ఈ దారి న్యాయం.

రెండు, అచ్చులేని దారి. బర్ట్ రుటాన్ 1975లో వేరీఈజీ విమానంతో దీన్ని ఇంటి షెడ్డులకు తెచ్చారు. ఫోమ్ దిమ్మెను వేడి తీగతో రెక్క ఆకారంలో కోసి, దానిమీదే గాజు బట్ట పరిచి రెజిన్ పట్టిస్తారు. ఫోమ్ లోపలే ఉండిపోతుంది. ఇదే తరహాలో ఆయన చేసిన సాలిటేర్ అనే మోటారు గ్లైడర్ 1982లో అమెరికాలోని సెయిల్‌ప్లేన్ హోమ్‌బిల్డర్స్ అసోసియేషన్ డిజైన్ పోటీలో గెలిచింది. ఈ దారిలో ఆకారం వేగంగా వస్తుంది. కష్టం చివర్లో ఉంటుంది. పైపొర గరుకుగా వస్తుంది కాబట్టి పూత వేసి, పొడుగాటి పలకకు గరుకు కాగితం అంటించి, ఓపిగ్గా రుద్దుతూ ఆకృతికి తేవాలి. ఆ పూత ఎక్కువైతే బరువు పెరుగుతుంది. అందుకే ఫోమ్ కోత ఎంత కచ్చితంగా ఉంటే అంత మేలు.

మూడు, సగం తయారైన భాగాలు కొనడం. శరీరం, స్పార్ లాంటివి తయారీదారు నుంచి తెచ్చుకుని మిగతాది కట్టుకోవడం. ఖర్చు ఎక్కువ, ప్రమాదావకాశం తక్కువ. స్పార్ విషయంలో ఇంకో మధ్యే మార్గం ఉంది. ఫ్యాక్టరీలో లాగి గట్టిపరిచిన కార్బన్ కడ్డీలు దొరుకుతాయి. చేత్తో పరిచిన కార్బన్ నారలో సన్నటి అలలు మిగిలిపోతే నలిగే వైపు బలం బాగా పడిపోతుంది. కడ్డీల్లో నార తీగలా తిన్నగా ఉంటుంది కాబట్టి ఆ బెడద ఉండదు. తోకలేని గ్లైడర్ల రూపకర్త జిమ్ మార్స్కే ఇలాంటి కడ్డీల స్పార్లను ఇంట్లో కట్టేవారికి పరిచయం చేసినవారిలో ఒకరు.

తొలిసారి కట్టేవారికి నా సలహా రెండో దారి, లేదా రెండూ మూడూ కలిపిన దారి.

సరుకును తెలుసుకోండి

గాజు నార సాగే గుణమున్నది. చవక, చూపుకు పారదర్శకం. రెజిన్ పట్టాక లోపల గాలి బుడగ ఉంటే తెల్లగా కనిపించి తనను తానే పట్టిస్తుంది. నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి గురువు లేదు. కార్బన్ బిగువైనది కానీ నల్లనిది, లోపలి లోపం కనబడదు, తెగేటప్పుడు ముందు చెప్పకుండా తెగుతుంది. అల్యూమినియానికి తగిలితే తేమలో అల్యూమినియాన్ని తినేస్తుంది, కాబట్టి మధ్యలో గాజు పొర తప్పనిసరి. రేడియో తరంగాలను కూడా అడ్డుకుంటుంది. యాంటెన్నా తోకలో పెట్టాలనుకుంటే ఆ తోక గాజుదై ఉండాలి. కెవ్లార్ దెబ్బను తట్టుకుని ముక్కలు చెదరకుండా పట్టి ఉంచుతుంది కాబట్టి కూర్చునే చోట వాడతారు. నలిగే బలాలకు మాత్రం అది పనికిరాదు.

రెజిన్ దగ్గర మన తీరప్రాంతం వారికి ఒక హెచ్చరిక. విశాఖ, కాకినాడ తీరాల్లో ఫైబర్ పడవలు కట్టే పనివాళ్ల చేతి నేర్పు చూసి తీరాల్సిందే. బట్ట తడపడం, రోలరుతో గాలి తీయడం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. కానీ వాళ్ల సరుకు తెచ్చుకోవద్దు. పడవలకు సాధారణంగా వాడేది పాలియెస్టర్ రెజిన్, తుంపుల మ్యాట్. గ్లైడర్‌కు కావాల్సింది విమాన తరగతి ఎపాక్సీ, నేసిన బట్ట, ఒకే దిశ నార. తొలి ఫీనిక్స్ పాలియెస్టర్‌తోనే వచ్చినా ఆ తర్వాతి గ్లైడర్లు ఎపాక్సీకి మారాయి. పైగా పాలియెస్టర్‌లోని స్టైరీన్ తగిలితే పాలిస్టైరీన్ ఫోమ్ కరిగిపోతుంది.

ఇంకో తేడా ప్రాణంతో సమానం. పాలియెస్టర్‌లో గట్టిపరిచే ద్రవం కాస్త ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుంది. ఎపాక్సీలో ఆ లెక్క నడవదు. రెజిన్, హార్డెనర్ అణువులు జతలు జతలుగా కలుస్తాయి. ఏది ఎక్కువైనా జత దొరకని అణువులు లోపలే మిగిలి పదార్థం మెత్తబడుతుంది. గ్లైడర్లకు బాగా వాడే ఎల్-285 రెజిన్‌కు నిష్పత్తి బరువులో 100కు 40. కంటి కొలత వద్దు, డిజిటల్ త్రాసు మీదే తూచండి.

ఫోమ్ విషయంలో పాలిస్టైరీన్‌ను మాత్రమే వేడి తీగతో కోయాలి. పాలీయూరిథేన్ ఫోమ్‌కు వేడి తీగ తగిలితే విషవాయువులు వస్తాయి. దాన్ని కత్తితో, గరుకు కాగితంతో మలచాలి.

ఎండను లెక్కలో వేసుకోండి

ప్రపంచంలో కాంపోజిట్ గ్లైడర్లు దాదాపు అన్నీ తెల్లగా ఎందుకుంటాయో చాలామందికి తట్టదు. రెజిన్ ఒక ఉష్ణోగ్రత దాటాక మెత్తబడుతుంది. గది వేడిలో మాత్రమే గట్టిపడిన ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెట్టొచ్చు. అందుకే గాజు నార గ్లైడర్ల బలాన్ని 54 డిగ్రీల సెల్సియస్ వరకు నిరూపించడం ఆనవాయితీగా వచ్చింది. తెల్లరంగు వేస్తే ఎండలో నిలిచిన రెక్క ఆ హద్దు దాటకుండా ఉంటుంది. అదే ముదురు రంగు వేస్తే హద్దు సులువుగా దాటిపోతుంది.

రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండ ఎరిగినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. భాగాలన్నీ పూర్తయ్యాక రెజిన్ తయారీదారు చెప్పిన వేడిలో, చెప్పినన్ని గంటలు ఉంచి తీరాలి. దీన్ని పోస్ట్ క్యూర్ అంటారు. థర్మకోల్ షీట్లతో రెక్క పట్టేంత డేరా కట్టి, హీటర్లు పెట్టి, నాలుగైదు చోట్ల థర్మామీటర్లు ఉంచి, నెమ్మదిగా వేడి పెంచాలి, నెమ్మదిగా దించాలి. లోపలి ఫోమ్ ఎంత వేడిని తట్టుకుంటుందో ముందే చూసుకోవాలి.

తేమ కూడా అంతే ముఖ్యం. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు కొన్ని హార్డెనర్లు ఎపాక్సీ పైన జిడ్డు పొరను వదులుతాయి. ఆ జిడ్డు మీద తర్వాతి పొర అంటుకోదు. కోస్తాలో శ్రావణ భాద్రపదాల్లో లేయప్, అంటే బట్ట పరిచి రెజిన్ పట్టించే పని, పెట్టుకోవద్దు. ఆ నెలల్లో టెంప్లేట్లు, లోహపు భాగాలు, కంట్రోల్ కడ్డీలు చేసుకోండి. శీతాకాలాన్ని లేయప్‌కు అట్టే పెట్టుకోండి. మండు వేసవిలోనూ తొందర పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కప్పులో రెజిన్ నిలిచే సమయం సుమారు సగమవుతుంది. ఒకేసారి ఎక్కువ కలిపితే కప్పు తనంతట తానే వేడెక్కి పొగలు కక్కుతుంది. అందుకే కొంచెం కొంచెంగా కలుపుకోండి.

లేయప్ రోజు

లేయప్ మొదలయ్యాక మధ్యలో ఆపడానికి లేదు. అందుకే తయారీ అంతా ముందు రోజే ముగియాలి.

1. ఫోమ్ కోసేటప్పుడు ఇద్దరుండాలి. దిమ్మె రెండు చివర్లా రెక్క ఆకారపు టెంప్లేట్లు బిగించి, వాటి అంచుల మీద ఒకే వరసలో అంకెలు రాయండి. తీగ చెరో కొన పట్టుకుని, ఒకరు అంకె చదువుతుంటే ఇద్దరూ ఒకేసారి ఆ గుర్తు దాటాలి. తొందరగా లాగితే తీగ మధ్యలో వెనకబడి ఫోమ్‌లో వంపు మిగులుతుంది.

2. బట్టలన్నీ ముందే కత్తిరించి, అంకెలు వేసి, చుట్టి పెట్టుకోండి. వంపును మోసే నార రెక్క పొడవు వెంబడి పోవాలి. మెలికను మోసే బట్టను 45 డిగ్రీల వాలుగా కోయాలి. దిశ కొన్ని డిగ్రీలు తప్పినా బలం తగ్గుతుంది, పైగా అది తర్వాత ఎవరికీ కనబడదు. స్కేలు పెట్టి గీత గీసుకునే కోయండి.

3. కోసిన బట్టను తూచండి. చేత్తో చేసే పనిలో బట్ట బరువును రెజిన్ బరువు మించకూడదు. కాస్త తక్కువ ఉంటే ఇంకా మేలు. ఎక్కువ రెజిన్ బలాన్నివ్వదు, బరువునే ఇస్తుంది.

4. నైట్రైల్ చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, గాలి ఆడే గది ఉండాలి. ఎపాక్సీకి చర్మం ఒకసారి అలర్జీ తెచ్చుకుంటే అది జీవితాంతం ఉండిపోవచ్చు. చేతికి అంటిన రెజిన్‌ను అసిటోన్‌తో కడగవద్దు, అది రెజిన్‌ను చర్మంలోకి తీసుకుపోతుంది. రుద్దేటప్పుడు మంచి మాస్కు పెట్టుకోండి.

5. రెజిన్ కలిపేటప్పుడు కప్పు గోడలు, అడుగు గీకుతూ రెండు నిమిషాలకు తగ్గకుండా కలపండి. ఆ తర్వాత ఇంకో కప్పులోకి వంపి మళ్లీ కలపండి. మొదటి కప్పు గోడకు అంటిన కలవని ద్రవం అలా బయటపడుతుంది.

6. ఫోమ్ మీద ముందు సన్నటి గాజు గోళాల పొడి కలిపిన రెజిన్ పూయండి. దీన్ని మైక్రో అంటారు. ఫోమ్ రంధ్రాలు దానితో పూడిపోతే బట్టకు చెందాల్సిన రెజిన్‌ను ఫోమ్ తాగేయదు.

7. బట్టను పరిచి, నార తిన్నగా ఉందో చూసి, రెజిన్ కింది నుంచి పైకి పొంగేలా స్క్వీజీతో లాగండి. తెల్లటి మచ్చ ఉంటే అక్కడ గాలి ఉంది. అద్దంలా మెరిస్తే రెజిన్ ఎక్కువుంది. నేత స్పష్టంగా కనిపిస్తూ మసక మెరుపు ఉంటే సరిపోయింది.

8. తర్వాత అతుకు వచ్చే చోటల్లా పైన పీల్ ప్లై గుడ్డ పరవండి. గట్టిపడ్డాక దాన్ని ఊడదీస్తే శుభ్రమైన గరుకు తలం మిగులుతుంది. అది లేని చోట మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దాకే తర్వాతి పొర వేయాలి. గట్టిపడిన ఎపాక్సీ మీద కొత్తది రసాయనంగా కలవదు, గరుకుదనాన్నే పట్టుకుంటుంది.

9. రెజిన్ రబ్బరులా ఉన్న దశలో అంచులను పదునైన కత్తితో కోయండి. ఆ సమయం దాటితే రంపం తప్పదు.

వాక్యూమ్ బ్యాగ్ పెట్టగలిగితే ఎక్కువ రెజిన్ బయటికి పోయి పొరలు దగ్గరవుతాయి. కానీ పూర్తి వాక్యూమ్‌లో వాతావరణం చదరపు మీటరుకు పది టన్నుల బరువుతో నొక్కుతుంది. ఫోమ్ కింద తిన్నటి ఆధారం లేకపోతే రెక్క వంకరగానే గట్టిపడుతుంది.

రాసి పెట్టండి, పరీక్షించండి

ఈ పనిలో నేను అన్నిటికంటే పట్టుబట్టేది నోటుపుస్తకం కోసం. ప్రతి లేయప్‌కు తేదీ, ఉష్ణోగ్రత, తేమ, రెజిన్ డబ్బా బ్యాచ్ నంబరు, తూచిన బరువులు, పొరల వరస, పక్కన ఎవరున్నారు అన్నీ రాయండి. మిగిలిన రెజిన్ కప్పును అదే నంబరు రాసి దాచండి. మర్నాడు గోరు గుచ్చి చూడండి. అది మెత్తగా ఉంటే రెక్కలో ఉన్నదీ మెత్తగానే ఉంది. ఆ పొర తీసేయాల్సిందే.

ప్రతి ముఖ్యమైన భాగంతో పాటు అదే బట్ట, అదే రెజిన్‌తో చిన్న పలక ఒకటి చేయండి. గాజు పలక ముక్కను తూచి, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లోని మఫిల్ ఫర్నేస్‌లో కాలిస్తే రెజిన్ కాలిపోయి గాజు మిగులుతుంది. మళ్లీ తూస్తే రెజిన్ వాటా ఎంతో తేలిపోతుంది. మీ చేయి ఎంత బాగా పనిచేస్తోందో చెప్పే నిష్పక్షపాత తీర్పు అది.

గట్టిపడిన తొడుగును నాణెంతో తట్టుతూ పోండి. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూసినట్టే, అతుకు బాగున్నచోట ఖంగుమంటుంది, పొర విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. డొల్ల వినిపించిన చోటల్లా పెన్సిలుతో గుండ్రంగా గీసి, సరిచేశాకే ముందుకు కదలండి.

చివరగా బరువు పరీక్ష. యూరప్ గ్లైడర్ నిబంధనలైన సీఎస్-22 ప్రకారం యుటిలిటీ (సాధారణ వాడుక) తరగతి గ్లైడర్ తన బరువుకు 5.3 రెట్లు తట్టుకోవాలి, దానిమీద 1.5 రెట్ల భద్రత ఉండాలి. మొత్తం 300 కిలోల గ్లైడర్‌కు 5.3 రెట్లంటే 1,590 కిలోలు. రెక్కల సొంత బరువు వల్ల అందులో కొంత తగ్గుతుంది, ఆ లెక్క డిజైనర్ ఇస్తారు. రెక్కను తలకిందులుగా బిగించి, గాలి పంచినట్టే ఇసుక బస్తాలను పంచి పేరుస్తారు. వంపును కొలుస్తారు. బస్తాలు తీశాక రెక్క మొదటి స్థితికి రావాలి. ఎగరబోయే రెక్క మీద ఎంతవరకు పోవాలో డిజైనర్ చెప్పిన హద్దు దాటవద్దు. పరీక్షలో దెబ్బతిన్న రెక్క గాలిలో ప్రాణం తీస్తుంది.

ఒంటరిగా చేయవద్దు

ఇండియాలో కట్టేవారు బట్ట కొనకముందే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు చదివి, ఆ కార్యాలయంతో మాట్లాడండి. తనిఖీలు పని జరుగుతున్నప్పుడే జరగాలి. మూసేసిన రెక్క లోపలికి ఎవరూ చూడలేరు. కాంపోజిట్ విమానాల అనుభవం మన దేశంలో ఉంది. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, అంటే ఎన్‌ఏఎల్ రుటాన్ లాంగ్-ఈజీ ఆధారంగా 1980ల్లో ఒక తేలికపాటి పరిశోధన విమానం కట్టింది. ఆ తర్వాత వచ్చిన రెండు సీట్ల హంస శిక్షణ విమానం కూడా కాంపోజిట్‌దే. అమెరికాలో ఉన్న తెలుగువారికి దారి మరింత సుగమం. అక్కడ విమానంలో సగానికి పైగా పని సొంతంగా, నేర్చుకోవడానికో సరదాకో చేసినవారికి ప్రయోగాత్మక తరగతిలో అనుమతి దొరుకుతుంది. 1953లో మొదలైన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ శాఖలు దేశమంతా ఉన్నాయి. అనుభవజ్ఞులైన సలహాదారులు షెడ్డుకే వచ్చి పని చూసి చెబుతారు. వారిని పిలవడానికి మొహమాటపడకండి. నా పనిలో తప్పు చూపించండి అని అడగగలగడం ఈ విద్యలో పెద్ద అర్హత.

ఈ నెల సాధన

రెక్క జోలికి పోకముందు కింది పనులు చేయండి.

ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పున్న ఆరు పలకలు చేయండి. రెండు గాజువి, నార దిశ మార్చి. రెండు ఫోమ్ శాండ్‌విచ్‌వి. ఒకటి పీల్ ప్లైతో, ఒకటి లేకుండా. ప్రతిదానికీ ముందు బరువు అంచనా రాసి, తర్వాత అసలు బరువు రాయండి.

ఒక జత తలాలను ముందుగా రుద్ది, ఇంకో జతను రుద్దకుండా, పలకలను జతలుగా అతికించి, రెండు జతలనూ చేత్తో విడదీయడానికి ప్రయత్నించండి. ఆ తేడా మీ చేతులు జీవితాంతం గుర్తుపెట్టుకుంటాయి.

ఒక మీటరు పొడవు చిన్న రెక్క ముక్కను ఫోమ్ కోత నుంచి పోస్ట్ క్యూర్ దాకా పూర్తిగా చేయండి. దాన్ని బరువులు వేసి విరగ్గొట్టండి. ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో నోటుపుస్తకంలో బొమ్మ గీసి రాయండి.

మీ అంచనా బరువు, అసలు బరువు వరసగా దగ్గర పడుతూ వచ్చి, కాల్చి చూసినప్పుడు రెజిన్ వాటా ప్రతిసారీ ఒకే చోట నిలిచిన రోజున మీరు ఈ పదార్థాన్ని తయారుచేయగలవారయ్యారు. అప్పుడు స్పార్‌కు బట్ట కోయండి. అంతకు ఒక్కరోజు ముందు కూడా వద్దు. ఆ రెక్క కింద మీరో, మీరు ప్రేమించే మనిషో కూర్చుంటారు. వాళ్లను గాలిలో మోసేది ఇవాళ మీరు తూచిన ప్రతి గ్రామూ, రాసిన ప్రతి అంకే, నచ్చక పారేసిన ప్రతి పొరా.